టోపీ ఇచ్చినవాడి పేరు

పోయిన నెల తిరుపతిలో ఒక కాలేజీలో పత్రికలు, దౌత్యం అనే విషయం మీద ఉపన్యాసం ఉందంటే వెళ్ళాను. వక్త బాగా చదువుకున్న మనిషి. గంటకు పైగా కాగితం చూడకుండా మాట్లాడాడు. 1878 బెర్లిన్ సమావేశం దగ్గరికి వచ్చేసరికి హాలంతా చెవులు రిక్కించి వింటోంది. రష్యాకీ టర్కీకీ యుద్ధం ముగిశాక బాల్కన్ దేశాల హద్దులు తేల్చడానికి పెద్ద రాజ్యాలన్నీ కూర్చున్న సమావేశం అది. లోపలి మాట బయటికి పొక్కకూడదని గట్టి కట్టడి. అయినా లండన్ టైమ్స్ పత్రికకు పారిస్ విలేకరిగా ఉన్న బ్లోవిట్జ్ బెర్లిన్‌లో దిగి లోపలి సంగతులు రాస్తూనే ఉన్నాడు. చివరికి ఒప్పందం మీద సంతకాలు పడ్డ జులై 13నే దాని పాఠం లండన్‌లో అచ్చయి వచ్చింది.

ఎలా సంపాదించేవాడో బ్లోవిట్జ్ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. ఒక దౌత్యవేత్త దగ్గర పనికి కుదిరిన కుర్రవాడూ, ఈయనా ఒకే హోటల్లో భోంచేసేవాళ్ళు. పలకరింపులు లేవు. టోపీలు కొక్కేలకు తగిలించేవాళ్ళు. తిని వెళ్ళేటప్పుడు ఒకరి టోపీ ఒకరు పెట్టుకుని పోయేవాళ్ళు. ఆ రోజు కబురంతా టోపీ అస్తరు కింద ఉండేది. ఈ మనిషి ఎక్కడ దాక్కుని వింటున్నాడో అని జర్మన్ చాన్సలర్ బిస్మార్క్ బల్ల మీది గుడ్డ ఎత్తి చూశాడని కూడా ఒక కథ ఉంది. వక్త అది కూడా చెప్పాడు. హాల్లో చప్పట్లు.

ఉపన్యాసం అయ్యాక మూడో వరసలో ఒక డిగ్రీ అమ్మాయి లేచి అడిగింది. "సార్, ఆ రెండో టోపీ ఎవరిది? ఆయన పేరేంటి సార్?"

వక్త ఒక్క క్షణం ఆగాడు. "పేరు అంత ముఖ్యం కాదమ్మా, ఇక్కడ విషయం ఏంటంటే..." అని మళ్ళీ బ్లోవిట్జ్ దగ్గరికే వెళ్ళిపోయాడు. అమ్మాయి కూర్చుంది. నేను మాత్రం ఆ ప్రశ్న వెంటబెట్టుకునే ఇంటికొచ్చాను. ఇన్ని రోజులైనా వదల్లేదు.

నాకు ఆ పేరే ముఖ్యం అనిపిస్తుంది. విదేశీ విలేకరి రాసిన వార్త రెండు దేశాల మధ్య దేన్నైనా కదిలించిందీ అంటే, అది ఎవరి నోట్లోంచి వచ్చింది, మధ్యలో ఎవరు చెప్పారు, ఏ భాషలోంచి ఏ భాషలోకి మారింది అన్నది చెప్పకుండా ఆ చరిత్ర చెప్పినట్టు కాదు. పాపం ఆయనకూ కాస్త పేరు రావాలి కదా అన్న జాలితో ఈ మాట అనడం లేదు. ఆ వార్తను ఎంతవరకు నమ్మొచ్చో తేల్చుకోవాలంటే మధ్యలో ఉన్న మనిషి లెక్క తేలాలి.

ఈ విషయంలో నాకు సొంత బాకీ ఒకటి ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

దుబాసీల సీమ

మధ్యలో ఉండే మనిషికి ఇప్పుడు ఫిక్సర్ అని పేరు. మన పాత మాట దుబాసీ, రెండు భాషల మనిషి. చెన్నపట్నం పుట్టిందే దుబాసీల చేతుల మీద. 1639లో కుంపిణీ తరఫున ఫ్రాన్సిస్ డే దామెర్ల వెంకటప్ప నాయకుడితో స్థలం కోసం బేరమాడినప్పుడు మధ్యలో మాట నడిపినవాడు బేరి తిమ్మన్న అని చెన్నపట్నం చరిత్రలు చెప్తాయి. ఆ నాయకుడికి పైన ఉన్న రాయలు మన చంద్రగిరి వంశం వాళ్ళు. చంద్రగిరి రాజమహల్ చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఫ్రాన్సిస్ డే పేరు విని వస్తారు. తిమ్మన్న పేరు మా పిల్లల్లో ఎవరికీ తెలియదు. డే ఏం అడిగాడు, నాయకుడికి ఏమని అర్థమైంది అనే రెండు ముక్కల మధ్య ఉన్నది ఆ తెలుగు మనిషి నాలుకే కదా.

దుబాసీ తన కథ తానే రాసిపెట్టుకుంటే ఎలా ఉంటుందో చూడాలంటే పుదుచ్చేరి ఆనందరంగ పిళ్ళై డైరీ ఉంది. అక్కడి ఫ్రెంచి గవర్నర్ డూప్లే దగ్గర దుబాసీ. 1736 నుంచి 1761 దాకా రాశాడు. ఎవరు ఏమన్నారు, దొర మొహం ఎలా మారింది, తను ఏ మాట మింగేశాడు, అన్నీ ఉంటాయి. అది లేకపోతే ఫ్రెంచివాళ్ళు తమ రాజుకు రాసుకున్న ఉత్తరాలే చరిత్ర అయిపోయేవి.

వార్త ఆలస్యమైతే రాజ్యాలు ఎలా ఆగిపోతాయో చూపించే ఊరు కూడా మా జిల్లాలోనే ఉంది. చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట. 1782 డిసెంబర్ 7న హైదర్ అలీ అక్కడి దండులోనే రాచపుండుతో పోయాడు. మంత్రులు నోరు మెదపలేదు. శవాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా తరలిస్తున్నట్టు కోలారు వైపు పంపారు. మలబారు వైపున్న టిప్పు వచ్చి చేరేదాకా దండులో రోజువారీ హుకుములన్నీ హైదర్ బతికున్నట్టే నడిచాయి. కబురు మద్రాసుకు అందకపోలేదు, అందింది. కానీ అక్కడి ఇంగ్లీషు సేనాపతి స్టూవర్ట్ వెంటనే కదల్లేదు. చేరిన కబురు నిజమే, కానీ ఆ తెచ్చినవాడు ఎవడు, వాడి మాట ఎంత నమ్మొచ్చు అన్నది తేలలేదు. పత్రికలు రాకముందు సంగతి ఇది. పత్రికలు వచ్చాక కూడా సమస్య అదేనని నా నమ్మకం.

హవల్దారు అనుకున్నారు

నేను పదే పదే తలుచుకునే ఉదాహరణ ఎమ్స్ టెలిగ్రాం. బెర్లిన్ ఒప్పందానికి సరిగ్గా ఎనిమిదేళ్ళ ముందు, అదీ జులై 13నే. ఎమ్స్ అనే ఊళ్ళో విశ్రాంతి తీసుకుంటున్న ప్రష్యా (అప్పటి పెద్ద జర్మన్ రాజ్యం) రాజును ఫ్రెంచి రాయబారి బెనెడెట్టి కలిసి, మీ వంశం వాళ్ళెవరూ ఇక ఎన్నటికీ స్పెయిన్ సింహాసనం ఎక్కరని మాట ఇమ్మన్నాడు. రాజు కాదన్నాడు. ఆ సంగతి టెలిగ్రాంలో బిస్మార్క్‌కు చేరింది. బిస్మార్క్ దాన్ని కత్తిరించి పదునుపెట్టి పత్రికలకు వదిలాడు. ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది.

అందులో ఒక చిన్న మాట ఉంది. రాజు రాయబారిని మళ్ళీ కలవనని 'అడ్జుటెంట్' చేత చెప్పించాడు అని. జర్మన్‌లో ఆ మాటకు రాజు పక్కనుండే పెద్ద హోదా అధికారి అని అర్థం. ఫ్రెంచి వార్తాసంస్థ అనువదించేటప్పుడు ఆ మాటను తర్జుమా చేయకుండా అలాగే ఉంచేసింది. ఫ్రెంచి సైన్యంలో దాదాపు అదే మాట మన హవల్దారు లాంటి కింది హోదావాడికి వాడతారు. పారిస్‌లో చదివినవాళ్ళకు ఏమనిపించి ఉంటుంది? మన రాయబారిని హవల్దారు చేత పొమ్మనిపించారు అని. జనం వీధుల్లోకి వచ్చారు. జులై 19న ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది.

ఆ ఒక్క మాట వల్లే యుద్ధం వచ్చిందని నేను అనను. బిస్మార్క్‌కు యుద్ధం కావాలి, పారిస్‌లో కోరుకున్నవాళ్ళూ తక్కువ లేరు. కానీ రాత్రిపూట తొందరలో ఆ టెలిగ్రాం ముందు కూర్చున్న అనువాదకుడిని తలుచుకుంటాను. డెస్క్‌లో పనిచేసినవాళ్ళకు ఆ టెన్షన్ తెలుసు. ఎడిషన్ టైం అయిపోతూ ఉంటుంది, ఒక మాట దగ్గర చెయ్యి ఆగుతుంది, రెండు భాషల్లోనూ ఉన్న మాటే కదా అని అలాగే వదిలేస్తాం. మన తెలుగు డెస్కుల్లో ఇంగ్లీషు వార్త పక్కన పెట్టుకుని కూర్చున్న ప్రతి సబ్ ఎడిటర్‌కూ ఇలాంటి రాత్రి ఒకటి ఉంటుంది.

ఇంకో ఉదాహరణ మనకు మరీ దగ్గరిది. 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ మహాసభలో జనగణమన మొదటిసారి పాడారు. అదే సభలో చక్రవర్తి అయిదో జార్జిని పొగుడుతూ హిందీలో వేరే పాట కూడా పాడారు. మర్నాడు కలకత్తాలోని ఇంగ్లీషువాళ్ళ పత్రికలు, స్టేట్స్‌మన్, ఇంగ్లిష్‌మన్, రెండు పాటల్నీ కలిపేశాయి. ఠాగూర్ చక్రవర్తికి స్వాగతంగా ప్రత్యేకంగా పాట కట్టి పాడాడని రాశాయి. బెంగాలీవాళ్ళు నడిపే పత్రికలు మాత్రం ఏది ఏ పాటో సరిగ్గానే రాశాయి. భాష వచ్చినవాళ్ళకు తేడా తెలిసింది, రానివాళ్ళకు తెలియలేదు. అంతే జరిగింది. ఆ ఒక్క రోజు తప్పు ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. మా ఇంటి గ్రూపులోనే ఏటా ఆగస్టు 15కి ఎవరో ఒకరు పంపుతారు. ఠాగూర్ 1937లో ఉత్తరం రాసి ఖండించినా లాభం లేకపోయింది.

1919లో ఠాగూర్ మదనపల్లె వచ్చి దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నప్పుడు ఆ పాటను తానే ఇంగ్లీషులోకి మార్చాడు. మేం చదువుకునేటప్పుడు మదనపల్లె మా చిత్తూరు జిల్లాయే. చిన్నప్పుడు మా అయ్యవార్లు ఆ సంగతి గర్వంగా చెప్పేవాళ్ళు. ఇప్పుడు నాకు అందులో ఇంకోటి కనిపిస్తుంది. ఎనిమిదేళ్ళ కింద తన పాటకు ఇంకొకరి చెవి ఇచ్చిన అర్థం ఏమైందో చూసిన మనిషి ఆయన. ఆయన్ని అక్కడికి పిలిచిన జేమ్స్ కజిన్స్ కథ కూడా పత్రికతో ముడిపడ్డదే. ఐర్లండ్ కవి. అనీబిసెంట్ గారి న్యూ ఇండియా పత్రికలో పనిచేస్తూ 1916 ఐర్లండ్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసినందుకు ఉద్యోగం పోయి, మదనపల్లెలో పాఠాలు చెప్పుకోవడానికి వచ్చాడు. ఒక వ్యాసం ఖర్చు ఎంతో ఆయనకు తెలుసు.

కల్యాణకట్ట బయట

ఇప్పుడు నా బాకీ.

2004లో నేను తిరుపతిలో ఒక తెలుగు దినపత్రికకు కంట్రిబ్యూటర్‌ని. లైన్ అకౌంట్, అంటే అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే డబ్బులు పెట్రోలుకు కూడా చాలేవి కావు. ఇంగ్లీషు కాస్త వస్తుంది కాబట్టి బయటి దేశాల నుంచి ఎవరైనా విలేకరులు వస్తే లాడ్జి మేనేజర్లు నాకు ఫోన్ చేసేవాళ్ళు.

ఆ ఏడాది మే నెలలో జెరూసలేంలో ఒక పెద్ద మతగురువు, రబ్బీ ఎల్యాషివ్, తీర్పు చెప్పాడు. నిష్ఠగా ఉండే యూదు స్త్రీలు పెళ్ళయ్యాక సొంత జుట్టు కనబడకుండా విగ్గు పెట్టుకుంటారు. ఆ విగ్గుల్లో తిరుమల తలనీలాలు ఉన్నాయి, అవి వేరే దేవుడికి అర్పించినవి, కాబట్టి వాడకూడదు అని ఆ తీర్పు. అంతకు ముందు లండన్ నుంచి ఒక మతపండితుడు ఇక్కడికి వచ్చి, మంగలివాళ్ళను, భక్తులను అడిగి తెలుసుకుని వెళ్ళాడు. ప్రశ్న చాలా సన్నంది. జుట్టు తీయడమే పూజా? లేక పూజకు ముందు శుభ్రం కోసం తీస్తారా? తీయడమే అర్పణ అయితే ఆ జుట్టు నిషిద్ధం. తీర్పు వచ్చాక న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వీధుల్లో విగ్గులు కుప్పపోసి తగలబెట్టారు. ఇది రాజ్యాల మధ్య గొడవ కాదు, నిజమే. కానీ ఒక సీమలో నాలుగు మాటలు విని, ఇంకో భాషలోకి మార్చుకుని, మూడో సీమలో తీర్పు చెప్పడం అన్నది దౌత్యంలో జరిగే పనే. అలిపిరి దగ్గర అడిగిన ప్రశ్నకు బ్రూక్లిన్‌లో మంట లేచింది. నేను చదివిన వార్తల్లో రబ్బీ ఉన్నాడు, పండితుడు ఉన్నాడు, విగ్గుల షాపు యజమానులు ఉన్నారు. తెలుగు మాటను ఇంగ్లీషు చేసిన మనిషి ఎక్కడా లేడు.

ఆ గొడవ మీదే రాయడానికి ఆ వేసవిలో ఒక విదేశీ విలేకరి వచ్చింది, వెంట ఫొటోగ్రాఫర్. రెండు రోజులు తిప్పాను. కొండ మీద కల్యాణకట్ట బయట, రేకుల షెడ్డు నీడలో ఒక అవ్వ కూర్చుని ఉంది. పలమనేరు వైపు మనిషి. అప్పుడే గుండు చేయించుకుని స్నానం చేసి వచ్చింది. నెత్తినిండా గంధం, అది ఎండలో ఆరి పగుళ్ళు పడుతోంది. ఒళ్ళో మనవడు, వాడికీ గుండు. వాడు తన నెత్తి తడుముకుని, అవ్వ నెత్తి తడిమి, చేతికంటిన గంధం చూసుకుంటున్నాడు.

విలేకరి అడగమంది. నేను అడిగాను. "అవ్వా, ఈ ఎంటికలు అమ్ముతారంట, తెలుసునా నీకు?"

"తెలుసులే నాయనా. ఇచ్చేసినాక నాదెట్లయితాది? అది సామిది. అమ్ముకుంటాడో పారేసుకుంటాడో మనకేల? నా మొక్కు తీరింది."

నేను ఇంగ్లీషులో అన్నది ఇది: ఆమెకు తెలుసు, ఆమె పట్టించుకోదు.

విలేకరి రాసుకుంది. తర్వాత, దేవుడికి ఇచ్చేది వెంట్రుకలా, లేక తీయించుకోవడమా అని అడగమంది. అవ్వ నా మొహం చూసింది. నేనే ఏదో తప్పు అడిగినట్టు. "తల వంచినాను నాయనా. దాంట్లో ఎంటికలెంత, తలెంత అని చెప్పేదానికి నాకు రాదు."

ఎండ. విలేకరికి సాయంత్రం చెన్నైలో విమానం. నేను చెప్పాను: జుట్టు ఇస్తున్నాను అంటోంది.

కొన్ని వారాల తర్వాత ఆ వ్యాసం వచ్చింది. తమ జుట్టు ఏమైపోతుందో ఇక్కడి భక్తులకు పట్టదు అనే అర్థంలో ఒక వాక్యం ఉంది. ఆ విలేకరి అబద్ధం రాయలేదు. నేను చెప్పిందే రాసింది. "నాదెట్లయితాది" అన్న మాటలో ఒక నమ్మకం ఉంది, ఇచ్చినదాని మీద హక్కు వదులుకోవడం ఉంది. నా ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది లెక్కలేనితనం అయింది. వ్యాసం కింద నా పేరు లేదు కాబట్టి నన్ను అడిగేవాళ్ళూ లేరు. ఉండి ఉంటే ఎవరో ఒక తెలుగు మనిషి, అయ్యా మీరు సరిగ్గా చెప్పారా అని అడిగి ఉండేవాడు. అప్పుడైనా దిద్దుకునేవాడిని.

భాష వస్తే చాలా?

ఈ మాటలు మా స్నేహితుడితో అన్నాను. ఆయన రిటైరైన చరిత్ర లెక్చరర్. ఆయన వెంటనే డ్యూరంటీ పేరు ఎత్తాడు. న్యాయమైన దెబ్బే.

వాల్టర్ డ్యూరంటీ న్యూయార్క్ టైమ్స్‌కు మాస్కో విలేకరి. రష్యన్ వచ్చు, ఏళ్ళ తరబడి అక్కడే కాపురం. 1932లో పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. 1932-33లో ఉక్రెయిన్‌లో లక్షల మంది ఆకలితో పోతుంటే, జనం ఆకలిగా ఉన్నారు గానీ చావడం లేదు అని 1933 మార్చి 31న రాశాడు. ఎవరికి జవాబుగా? గారెత్ జోన్స్ అనే వేల్స్ కుర్రవాడికి. జోన్స్ ఆ నెలలోనే రైలు దిగేసి, కాపలావాళ్ళు లేకుండా మంచు మీద పల్లె నుంచి పల్లెకు నడిచి, గుడిసెల్లో పడుకుని, బయటికొచ్చి బెర్లిన్‌లో చెప్పాడు, అక్కడ కరువు ఉంది అని. "ఇద్దరికీ భాష వచ్చు కదా, మరి ఒకడు నిజం, ఒకడు అబద్ధం ఎందుకు రాశారు? నీ దుబాసీ సిద్ధాంతం ఎక్కడికి పోయింది?" అన్నాడు మా స్నేహితుడు.

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. భాష వచ్చినంత మాత్రాన నిజం రాస్తారని నేను అనుకోవడం తప్పే. అది ఒప్పుకున్నాను. కానీ జోన్స్ విషయంలో నన్ను పట్టేసింది వేరే. జోన్స్ తల్లి పెళ్ళికి ముందు ఉక్రెయిన్‌లో వేల్స్ వాళ్ళు కట్టిన ఉక్కు ఊళ్ళో పిల్లలకు పాఠాలు చెప్పింది. ఆమె కథలు విని అతను రష్యన్ నేర్చుకున్నాడు. అందుకే పల్లెలో రైతు, రొట్టె లేదు, చచ్చిపోతున్నాం అన్నప్పుడు మధ్యలో సర్కారు మనిషి లేడు. ఆ మాట నేరుగా చెవిలో పడింది. డ్యూరంటీ మాస్కోలో ఉన్నాడు. అక్కడ విలేకరి టెలిగ్రాం పంపాలంటే సెన్సారు సంతకం కావాలి. అతని దుబాసీ సెన్సారు. యూజీన్ లయన్స్ అనే ఇంకో అమెరికన్ విలేకరి తర్వాత రాశాడు, మాస్కో విలేకరులంతా సెన్సారు అధికారితో కూర్చుని జోన్స్ మాటను కొట్టిపారేయడానికి ఒప్పుకున్నామని. అప్పుడు బ్రిటిష్ ఇంజనీర్ల మీద పెద్ద కేసు విచారణ నడవబోతోంది, దానికి అనుమతి పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేదు.

ఆ నవంబర్‌లో అమెరికా సోవియట్ ప్రభుత్వాన్ని గుర్తించింది. విదేశాంగ మంత్రి లిట్వినోవ్ వాషింగ్టన్ వెళ్ళినప్పుడు డ్యూరంటీ కూడా వెంట వెళ్ళాడు. రూజ్‌వెల్ట్ ఒక్క డ్యూరంటీ రాతలు చూసి గుర్తించాడని అనలేం. వ్యాపారం ఉంది, జపాన్ భయం ఉంది. కానీ కరువు మాట అడ్డం రాకుండా చూసింది ఆ రాతలే. జోన్స్ 1935లో మంచూరియా వైపు దుండగుల చేతిలో చనిపోయాడు. ముప్పై ఏళ్ళు నిండడానికి ఒక్క రోజు ముందు.

మా స్నేహితుడి రెండో ప్రశ్న గుజరాత్‌లోని ధారాసన. 1930 మే 21న ఉప్పు కొటార్ల దగ్గర సత్యాగ్రహుల మీద లాఠీలు విరిగినప్పుడు వెబ్ మిల్లర్ అనే అమెరికన్ విలేకరి పక్కనే నిలబడి చూశాడు. దెబ్బలు తింటున్నవాళ్ళు అడ్డంగా చెయ్యి కూడా ఎత్తలేదని రాశాడు. టెలిగ్రాంను ఇక్కడ ఆపాలని చూశారు. ఆపితే ఆపారని రాస్తానన్నాడు. చివరికి 1,350 పత్రికల్లో వచ్చింది, అమెరికా సెనేట్ రికార్డుల్లోకి ఎక్కింది. "తలకాయ పగిలిన చప్పుడుకు తర్జుమా ఎందుకు?" అన్నాడు మా స్నేహితుడు.

ఇది కూడా నిజమే. కంటికి కనిపించేదానికి దుబాసీ అక్కర్లేదు. మిల్లర్ ఆస్పత్రికి వెళ్ళి గాయపడ్డవాళ్ళను తనే లెక్కపెట్టుకున్నాడు, 320 మంది. కానీ చెయ్యి ఎందుకు ఎత్తలేదు అన్నది కంటికి కనిపించదు. అది ఎవరో చెప్పాలి. అక్కడ ముందు నిలబడ్డది సరోజినీ నాయుడు. దెబ్బలు తిన్నా చెయ్యి ఎత్తొద్దని ఆమె అక్కడే అందరికీ చెప్పింది, అదీ ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషి. ఆ మాట వినకుండా మిల్లర్ చూసింది రాసి ఉంటే, బహుశా పిరికివాళ్ళ గుంపు అని కూడా చదువుకునేవాళ్ళేమో.

పేరు చెప్తే ప్రాణం పోతుందంటే?

ఇక్కడ నాకు నిజంగా తడబాటు ఉంది. పేరు చెప్పాలి, చెప్పాలి అంటున్నాను. బెర్లిన్‌లో టోపీ మార్చుకున్న కుర్రవాడి పేరు ఆనాడే బయటపడితే వాడి బతుకు ఏమయ్యేది? ఎర్రచందనం మీద ఎవరైనా బయటి విలేకరి రాయడానికి వస్తే, శేషాచలం అంచు పల్లెల్లో దారి చూపించిన మనిషి పేరు నేనైనా బయటపెడతానా? పెట్టను.

1971లో ఆంథొనీ మస్కరేన్హాస్ సంగతి చూడండి. కరాచీలో ఒక పత్రికకు పనిచేసేవాడు. గోవా మూలాల క్రైస్తవుడు. తూర్పు బెంగాల్లో (ఇప్పటి బంగ్లాదేశ్) అంతా బాగానే ఉందని రాయించడానికి పాకిస్తాన్ సైన్యం ఏప్రిల్‌లో ఎనిమిది మంది విలేకరులను తీసుకెళ్ళింది. మిగతావాళ్ళు చెప్పింది రాశారు. అతను రాయలేకపోయాడు. అధికారులు రాత్రి భోజనాల దగ్గర ఆ రోజు ఎంతమందిని చంపారో లెక్కలు చెప్పుకుంటుంటే విన్నాడు. వాళ్ళు అతన్ని తమవాడే అనుకుని మాట్లాడారు. బయటివాడి ముందు అలా నోరు జారి ఉండేవాళ్ళు కాదు. లండన్ వెళ్ళి సండే టైమ్స్‌కు చెప్పి, వెనక్కి వచ్చి, భార్యాపిల్లలు దేశం దాటేదాకా ఆగి, తను కాలినడకన అఫ్గానిస్తాన్ సరిహద్దు దాటాడు. 1971 జూన్ 13న వ్యాసం వచ్చింది. అది చదివి తను ఎంతగా కదిలిపోయిందో, యూరప్ రాజధానులకు, మాస్కోకు తానే తిరిగి మాట్లాడాలని ఎలా నిశ్చయించుకుందో ఇందిరా గాంధీ ఆ పత్రిక ఎడిటర్ హెరాల్డ్ ఎవాన్స్‌తో చెప్పారట. అదే వార్త అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌నూ, ఆయన సలహాదారు కిసింజర్‌నూ కదిలించలేదు. వినాలనుకున్నవాళ్ళకే వినబడింది. కానీ ఎవరికి వినబడినా, అంత బరువు రావడానికి కారణం కింద ఉన్న పేరు. నేను అక్కడ ఉన్నాను, నా చెవులతో విన్నాను, ఇది నా పేరు అని అతను సంతకం పెట్టాడు. దానికి ఇల్లు, ఊరు వదులుకున్నాడు.

అందరినీ అలా వదులుకోమని అడగలేం. కంబోడియాలో న్యూయార్క్ టైమ్స్ విలేకరి సిడ్నీ షాన్‌బర్గ్‌కు దుబాసీగా ఉన్న డిత్ ప్రాన్ 1975లో దేశం ఖ్మేర్ రూజ్ తిరుగుబాటుదారుల చేతిలో పడ్డప్పుడు విదేశీ విలేకరులను చావు నుంచి తప్పించి, తను మాత్రం అక్కడే ఇరుక్కుపోయాడు. నాలుగేళ్ళకు పైగా ఆకలితో, చదువు వచ్చినవాడని తెలియనివ్వకుండా బతికి, 1979లో సరిహద్దు దాటి థాయిలాండ్ చేరాడు. మధ్యలో 1976లో షాన్‌బర్గ్‌కు పులిట్జర్ వచ్చింది. ప్రాన్ తరఫున కూడా తీసుకుంటున్నానని ఆయన చెప్పాడు. పనిచేసిన ఇద్దరిలో ఒకరు వేదిక మీద, ఒకరు పొలంలో దొంగచాటుగా గింజలు ఏరుకుంటూ. అయినా ఆ ఒక్క మాట చెప్పాడు కాబట్టి ఈ రోజు ప్రాన్ పేరు నేను రాయగలుగుతున్నాను.

కాబట్టి ఇప్పుడు నేననుకునేది ఇది. ప్రాణం మీదికి వచ్చేటప్పుడు పేరు దాచాలి. కానీ దాచామన్న సంగతి దాచకూడదు. ఫలానా భాష మాట్లాడే మనిషి మధ్యలో ఉన్నాడు, ఈ మాట అతని ద్వారా విన్నాను అని విలేకరి ఒక్క వాక్యం రాయాలి. ప్రమాదం దాటాక చరిత్ర రాసేవాళ్ళు ఆ పేరు వెతకాలి. బ్లోవిట్జ్ తన టోపీ కథ రాసుకునే నాటికి బెర్లిన్ సమావేశం ఎప్పుడో ముగిసిపోయింది. ఆ కుర్రవాడు ఏం విన్నాడు, ఏం కలిపాడు, ఏది అర్థం కాక వదిలేశాడు అన్నది తెలియకుండా బాల్కన్ హద్దుల మీద లండన్ ఏమనుకుందో ఎలా తూకం వేస్తాం? బ్లోవిట్జ్ జ్ఞాపకాల్లో సొంత గొప్పలు చాలా కలిశాయని ఎటూ అంటారు. పక్కన ఇంకో సాక్షి లేకపోవడం వల్లే ఆ అనుమానం తీరదు.

ఇది రాయడానికి కూర్చునే ముందు అటక మీద నుంచి పాత నోటుపుస్తకాలు దింపాను. 2004ది దొరికింది. పేజీల మూలలు చెదలు తిన్నాయి గానీ చదవగలిగాను. విలేకరి పూర్తి పేరు, లాడ్జి రూం నంబరు, ఫొటోగ్రాఫర్ పేరు, కారు డ్రైవర్ పేరు, నాకు రావాల్సిన డబ్బు, అన్నీ ఉన్నాయి. అవ్వ చెప్పిన మాట కూడా ఉంది, నా గొలుసుకట్టు రాతలో, ఆమె అన్నది అన్నట్టే: "దాంట్లో ఎంటికలెంత, తలెంత." దాని ఎదురుగా మార్జిన్లో ఇలా రాసుకున్నాను: పలమనేరు, అవ్వ, సుమారు 60.

పేరు అడగలేదు.